చిట్టి గుఱ్ఱముల యెత్తును కొలుచు విధము

గత వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన తొలి వారమున, ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఒక చిత్రపటమును మాయొద్దకు దెచ్చెను. అందొక దొర నిలిచి, తన ప్రక్కనున్న గుఱ్ఱము మూపుపై చేయి వైచి యుండెను. ఆ గుఱ్ఱము ఆయన నడుము దాటలేదు. "అయ్యా, ఇది పిల్ల కాదట, ఎదిగిన గుఱ్ఱమేనట. ఎత్తు 34 అంగుళములని క్రింద వ్రాసియున్నది. తలవఱకు కొలిచిరా, వీపువఱకు కొలిచిరా?" అని యతడు మమ్ము అడిగెను. వీపువఱకే యని మేము వెంటనే చెప్పితిమి. "వీపులో ఎక్కడికి?" అని మఱల అడిగెను. దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను. తెలిసికొని చెప్పెదమని మాట యిచ్చి, దొరకిన గ్రంథములను చదువగా, ఆ రెండవ ప్రశ్నయే అసలు ప్రశ్నయని తేలినది. గుఱ్ఱములను పెంచువారు సయితము దానినిగూర్చి వాదులాడుకొనుచుందురట. ఇచ్చిన మాట చెల్లించుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

చిట్టి గుఱ్ఱములు వేఱొక జంతుజాతి కావు. కుఱుచ గుఱ్ఱములను కుఱుచ గుఱ్ఱములతో జతపఱచి, తరతరములుగా ఎన్నుకొనుచు వచ్చుటచే అవి యేర్పడినవి. వాని పూర్వికులలో ముఖ్యమైనవి స్కాట్లండునకు ఉత్తరమున సముద్రమధ్యమందున్న షెట్లండు దీవుల తట్టువలు. అచ్చటి చలిగాలికిని చాలీచాలని మేతకును తట్టుకొని నిలిచిన ఈ పొట్టి గుఱ్ఱములకు బొగ్గుగనులలో గొప్ప గిరాకి కలిగెను. ఇంగ్లండు ప్రభుత్వము 1842లో ఒక చట్టము చేసి, స్త్రీలును పదేండ్లు నిండని బాలురును భూమి క్రింద గనులలో పని చేయరాదని శాసించెను. అంతకుముందు మన రెండవ తరగతి, మూడవ తరగతి పిల్లల యీడువారు చీకటి సొరంగములలో బొగ్గుబండ్లను లాగుచుండిరి. చట్టము పిల్లలను వెలుపలికి దెచ్చెను, తట్టువలను లోనికి పంపెను. ఇరుకు సొరంగములో పొడవు గుఱ్ఱము నిలువలేదు. కావున ఎత్తు అనునది అంగుళములతో సహా బేరములోనికి వచ్చెను. షెట్లండు తట్టువల వంశావళి గ్రంథమును వ్రాయించు సంఘము 1890లో ఏర్పడెను. ఆ తట్టువ 42 అంగుళములకు మించరాదని దాని నియమము.

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమున, బ్యూనస్ ఎయిర్స్ ప్రాంతమందు, ఫలబెల్లా కుటుంబమువారు 19వ శతాబ్దినుండి అంతకంటె కుఱుచ గుఱ్ఱములను పెంచుచు వచ్చిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చిట్టి గుఱ్ఱములలో ఈ రెండు వంశముల రక్తమును కలదు.

ఇప్పుడు రిజిస్టరు అననేమో చెప్పవలెను. మన పాఠశాల ప్రవేశపు రిజిస్టరులో విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేది, పుట్టుమచ్చలు వ్రాయుదుము గదా. గుఱ్ఱముల రిజిస్టరును అట్టిదే. తల్లి, తండ్రి, రంగు, మచ్చలు, పుట్టిన దినము అందు వ్రాయబడును. అరబ్బీ గుఱ్ఱమునకు తల్లిదండ్రులే ప్రమాణము. అది రెండంగుళములు హెచ్చుగా పెరిగినను అరబ్బీ గుఱ్ఱమే. చిట్టి గుఱ్ఱము సంగతి యట్లు కాదు. తల్లిదండ్రు లిరువురును రిజిస్టరులో నున్నను, పిల్ల నియమిత మైన గీతను దాటి పెరిగినచో దాని స్థానము మాఱును, లేదా పోవును. వంశముతోపాటు ఎత్తుకూడ కులమును నిర్ణయించు విచిత్రమైన జాతి యిది.

అమెరికాలో ముఖ్యమైన రిజిస్టర్లు రెండు. 1972లో ప్రారంభమైన అమెరికన్ మినియేచర్ హార్స్ రిజిస్ట్రీ గుఱ్ఱములను రెండు తరగతులుగా విభజించెను. 34 అంగుళములును అంతకు తక్కువయు 'ఏ' తరగతి. 34 దాటి 38 వఱకు 'బి' తరగతి. 1978లో స్థాపింపబడి టెక్సాస్ రాష్ట్రమున కార్యాలయము గల అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ 34 అంగుళములకే తలుపు మూసినది. 34½ అంగుళములు పెరిగిన గుఱ్ఱము మొదటి దానిలో ఒక మెట్టు మాఱును, రెండవ దానిలో దానికి చోటే లేదు. పిల్లగా నున్నప్పుడు రిజిస్టరులో తాత్కాలికముగా చేర్చి, పెరుగుదల ముగిసిన పిమ్మట కొలిచి స్థిరపఱచెదరు. ఆ అరయంగుళముచే గుఱ్ఱము వెలయు, దాని పిల్లల వెలయు, పెంచినవాని పేరును మాఱుచుండును. కొలత పనికి ఇంత బరువు వచ్చుటకు కారణమిదే.

బాలుని మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. గుఱ్ఱము తలను ఎత్తును, దించును, త్రిప్పును. కదలుచుండు దానిని కొలుచుట యెట్లు? అందుచేత మెడ ముగిసి వీపు ఆరంభమగుచోట, రెండు రెక్కయెముకల నడుమ, వెన్నెముక ముండ్లు పైకి లేచి గట్టువలె నుండు భాగమును కొలతకు ఎంచుకొనిరి. దానినే మూపు అందుము. పెద్ద గుఱ్ఱములను భూమినుండి మూపు కొనవఱకు కొలిచి, 'హ్యాండు' లెక్కలో చెప్పుదురు. మన మూర, జాన, బెత్తెడు వలెనే ఇదియు మనుష్యుని శరీరమునుండి పుట్టిన కొలతయే. చేతి వెడల్పు మనుష్యునకు మనుష్యునకు వేఱుగా నుండును గనుక, 16వ శతాబ్దిలో ఇంగ్లండును ఏలిన ఎనిమిదవ హెన్రీ కాలమున దానిని నాలుగంగుళములుగా స్థిరపఱచిరి. ఇచ్చట విద్యార్థులు ఒక పొరపాటు చేయుదురు. గుఱ్ఱమెత్తు 15.2 హ్యాండులని చదివినప్పుడు అది దశాంశము కాదు. పదునైదు హ్యాండులమీద రెండంగుళములు, అనగా 62 అంగుళములు. ఆ లెక్కను 34 అంగుళముల చిట్టి గుఱ్ఱము 8.2 హ్యాండులు. కాని అంత కుఱుచ జంతువునకు అంగుళములే సౌకర్యమని వానినే వాడుచున్నారు. ఉపాధ్యాయుని బల్ల ఎత్తు సాధారణముగా 30 అంగుళములుండును. దానికంటె ఆ గుఱ్ఱము నాలుగంగుళములే హెచ్చు.

ఇక రెండవ ప్రశ్న. వీపులో ఎక్కడికి? అమెరికా చిట్టి గుఱ్ఱముల విషయమున చిరకాలముగా నడచిన నియమము మూపు కొన కాదు, జూలులోని కడపటి వెండ్రుకలు మొలచిన చోటు. మెడ పొడవునను వచ్చిన జూలు ఎచ్చట ముగియునో అచ్చటికి కోల అడ్డుపుల్లను దించి కొలుచుదురు. వినుటకిది చిన్న భేదము. కాని పెక్కు చిట్టి గుఱ్ఱములలో జూలు మూపు కొనను దాటి, వీపు పల్లమునకు దిగుచోట ముగియును. కావున జూలు చివర కొలిచిన 34 అంగుళముల గుఱ్ఱము, మూపు కొనవద్ద కొలిచినచో 35 అంగుళములు కావచ్చును, ఒక్కొక్కప్పుడు అంతకంటె హెచ్చు. ఒకే గుఱ్ఱము, ఒకే దినము, ఒకే కోల. గుర్తు మాఱినందున ఎత్తు మాఱెను.

ఈ నియమమును సమర్థించువారు చెప్పు మాటయు వినవలసినదే. చిట్టి గుఱ్ఱములలో బలిసినవానికి మూపు గుండ్రమై, కొన యెచ్చటనో వ్రేలికి చిక్కదు. వెండ్రుక యన్ననో కంటికి కనబడును. ఇది నిజమే. అయినను ఎముక కదలదు, పెరగదు, కత్తెరకు లొంగదు. వెండ్రుక యన్నిటికిని లొంగును. ఒంటి రోమములను కొంతమేర కత్తిరింపక విడిచి, అదియు జూలేనని చూపగోరువాడు చూపవచ్చును. మా యభిప్రాయమున ఎముకయే మేలైన గుర్తు. గుఱ్ఱములను పెంచి యెఱుగని ఉపాధ్యాయులకు ఈ యభిప్రాయ మెందుకని ఎవరైన అడిగినచో, ఇరువదేండ్లుగా పిల్లలచే రేఖలు గీయించి కొలిపించుచున్న వారమని మాత్రము మనవి చేయుదుము.

గుర్తు స్థిరమైనను పని ముగియదు. కొలుచు చోటు గట్టిగను సమముగను ఉండవలెను. గుఱ్ఱపు ముందుకాళ్లు అరయంగుళము పల్లములో నున్నచో ఎత్తు అరయంగుళము తగ్గి కనబడును. పచ్చిక నేల దీనికి పనికిరాదు. కొలతకోల నిలువుగా నుండవలెను, దానిపై జరుగు అడ్డుపుల్ల నేలకు సమాంతరముగా నుండవలెను. అందుకై తాపీపనివారు గోడ కట్టునప్పుడు వాడు రసమట్టము వంటి దానిని ఆ అడ్డుపుల్లకు అమర్చుదురు. నాడాతో కొలువరాదు. నాడా భుజపు వంపు వెంట పోవును గనుక, ఎత్తును గాక వంపు పొడవును చెప్పును.

గుఱ్ఱము నాలుగు కాళ్లమీద చతురముగా నిలువవలెను, ముందుకాళ్లు నిట్టనిలువుగా నుండవలెను, తల సహజమైన స్థితిలో నుండవలెను. కాళ్లు చాచినచో ఏమగును? తొమ్మిదవ తరగతివారు పైథాగొరసు సిద్ధాంతమును ఇచ్చట వాడవచ్చును. ముందుకాలు 20 అంగుళముల పుల్ల అనుకొందము. పాదము నాలుగంగుళములు ముందునకు జరిగినచో, 400లో 16 తీసివేయగా 384, దాని వర్గమూలము సుమారు 19.6. అనగా పాదమును నాలుగంగుళములు జరిపినంతనే ఎత్తులో 0.4 అంగుళము మాయమగును. 34½ అంగుళముల గుఱ్ఱము ఇంచుమించు 34 అగుటకు అది చాలును.

ఇంకొక చమత్కారము గుఱ్ఱపు శరీరములోనే యున్నది. మనకు మెడ క్రింద అడ్డముగా జత్రుక యను ఎముక యున్నది. అది భుజమును ఱొమ్ముటెముకతో కలుపును. గుఱ్ఱమునకు ఆ యెముక లేదు. దాని ముందుకాళ్లకును మొండెమునకును ఎముకతో సంబంధము లేదు, కండరములే ఉన్నవి. ఉయ్యాలలో బిడ్డవలె మొండెము ఆ కండరముల నడుమ వ్రేలాడుచుండును. అవి బిగిసినప్పుడు మూపు కొంచెము లేచును, సడలినప్పుడు దిగును. బెదరిన గుఱ్ఱమునకును నిమ్మళముగా నున్న గుఱ్ఱమునకును ఎత్తు ఒకటి కాకపోవుటకు కారణ మిదియే. బ్రతికియున్న దాని యెత్తు బల్ల యెత్తువంటిది కాదు.

గిట్టలును మన గోళ్లవలె నెలకు పావంగుళము, అంతకు కొంచెము హెచ్చుగా పెరుగును. చెక్కించుటకు ముందును వెనుకను కొలతలు వేఱగును. వానిని క్రమముగా చెక్కించుట మంచిదే. కొలత దినమునకై లోతుగా చెక్కించినచో గుఱ్ఱము కుంటును.

కొలతలోని యుక్తులనుగూర్చి వ్రాయుచు మా సంగతి దాచుట న్యాయము కాదు. మేము చదువుకొన్న పాఠశాలలో కబడ్డీ జట్లను ఎత్తునుబట్టి విభజించెడివారు. చిన్నవారి జట్టులో ఉండవలెనన్న ఆశతో, మేము వదులైన లాగు తొడిగికొని, గోడకానుకొని, మోకాళ్లు రవంత వంచి నిలిచితిమి. డ్రిల్లు మాష్టరుగారు ఒక మాటయు పలుకక, తమ అరచేతిని మా మోకాలి వెనుకకు పోనిచ్చి ముందునకు నెట్టిరి. కొలకఱ్ఱ లేచినది, జట్టు మాఱినది. ఆ యేడు మాకు ఆడుటకు అవకాశము రాలేదు. తప్పు మాది, శిక్షయు మాకే.

గుఱ్ఱము విషయమున న్యాయ మిట్లు నడువదు. మోసము చేయవలెనన్న తలంపు దానికి లేదు. కాళ్లు చాచి నిలుచుట, కోల తగులగానే వీపు దించుట అను వానిని మనుష్యుడే దానికి నేర్పును. కోలతో మూపుపై పదే పదే నొక్కగా, ఆ పుల్ల కనబడినంతనే క్రుంగుట అలవాటు పడిన గుఱ్ఱము నిజమునకు భయపడుచున్నది. అందుచేత కొలుచు అధికారి కోలను తేలికగా తాకించవలెను, గుఱ్ఱము నిమ్మళించువఱకు వేచి యుండవలెను.

పొట్టితనమునకు బహుమానమును కలదు. పైన చెప్పిన టెక్సాస్ సంఘమువారి ఆదర్శ లక్షణములలో, తక్కిన గుణములు ఇంచుమించు సమానముగా నున్నప్పుడు చిన్న గుఱ్ఱమునకే మొగ్గు చూపవలెనని యున్నది. అంతకుముందు ఆరోగ్యమును అవయవముల పొందికను చూడవలెనని చెప్పియే ఈ మాట చెప్పిరి. కాని పోటీలో నిలుచువారి మనస్సు అంగుళముల మీదనే నిలుచుట సహజము. దీని పర్యవసానము కొంత విచారకరము. చిట్టి గుఱ్ఱములలో మరుగుజ్జుతనము అను పుట్టుకలోపము కలదు. అట్టి పిల్లకు నొసలు ఉబ్బును, పై పండ్లును క్రింది పండ్లును కలియవు, కాళ్లు వంకరపోవును. కొన్ని పుట్టకమునుపే చచ్చును. కెంటకీ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన పరిశోధనలో, ఎకాన్ అను జన్యువులోని మార్పులకును ఈ లోపమునకును సంబంధము కనుగొనిరి. తల్లినుండి ఒకటియు తండ్రినుండి ఒకటియు అట్టి మార్పులు రెండు కూడినపుడు లోపము బయటపడును. ఒక్కటియే యున్న గుఱ్ఱము చూపునకు ఆరోగ్యముగానే యుండును. అది కొలకఱ్ఱకు అంతుపట్టదు, రోమముల మొదళ్లను పరీక్షించినచో తెలియును. ప్రపంచమున అన్నిటికంటె కుఱుచ గుఱ్ఱమని 2006లో పేరుపొందిన థంబెలీనా ఎత్తు 17½ అంగుళములే. అది అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున 2001లో పుట్టి 2018లో చనిపోయెను. అదియు మరుగుజ్జు గుఱ్ఱమే. దానిని చూచి లోకము ముచ్చటపడినది గాని, అట్టి పిల్లలను కావలెనని పుట్టించుట మంచి పెంపకముదారుల మార్గము కాదు.

ప్రదర్శనశాలకు వెలుపల ఈ కొలతకు వేఱొక ఉపయోగము కలదు. అంధులకు త్రోవ చూపుటకును, వికలాంగులకు సాయపడుటకును కొన్ని చిట్టి గుఱ్ఱములకు తర్ఫీదు ఇచ్చిరి. అమెరికా ప్రభుత్వము 2010లో సవరించి 2011నుండి అమలుపఱచిన నిబంధనలలో, సేవచేయు కుక్కలతోపాటు ఈ గుఱ్ఱములనుగూర్చియు వ్రాసిరి. అవి సాధారణముగా భుజమువఱకు 24 నుండి 34 అంగుళముల యెత్తును, 70 నుండి 100 పౌనుల బరువును ఉండునని అందు చెప్పబడినది. దుకాణమో కార్యాలయమో ఆ గుఱ్ఱము పరిమాణమునకు చాలునా, అది యజమాని అదుపులో నున్నదా అని చూచి ప్రవేశమును నిర్ణయింతురు. అచ్చట ఎవ్వరును వెండ్రుకలు లెక్కింపరు. తలుపు సందున పట్టిన చాలును.

ప్రదర్శనములలో మాత్రము పోటీకి ముందు అధికారులు గుఱ్ఱమును కొలుచుదురు. కొలతపై సందేహము గలవారు అభ్యంతరము తెలిపి మఱల కొలిపింపవచ్చును. లేత వయస్సు గుఱ్ఱములకు వయస్సునుబట్టి తక్కువ హద్దులు కలవు. ఒకచోట 34 పలికిన కోల మఱియొకచోట 34¼ పలుకుట యుండును. పైన వ్రాసిన కారణములను చూచినవారికి అందు ఆశ్చర్యము తోచదు. అట్టి భేదమునంతటిని మోసమనుటయు తప్పు, అంతటిని పొరపాటనుటయు తప్పు. లేవీయకాండము 19వ అధ్యాయమున తూనికను మాత్రమే గాక కొలతనుగూర్చియు ఆజ్ఞ కలదు. దానిని మనము బజారు త్రాసులకే అన్వయించుకొనుచు వచ్చితిమి.

ఇదంతయు ఆ బాలునికి చెప్పిన పిమ్మట, అతడును అతని స్నేహితులును వెదురుబద్దతో ఒక కోల చేసి, ప్రార్థనమందిరపు గోడకు మరమ్మతు చేయుచున్న తాపీమేస్త్రిని అడిగి రసమట్టమును ఎరువు తెచ్చుకొనిరి. మన యూరిలో కొలుచుటకు గుఱ్ఱము దొరకలేదు. కావలి తాత మేకపోతును అరుగు బండమీద నిలిపి మూపువఱకు కొలిచిరి. మొదట 27½ అంగుళములు వచ్చెను. మేక కాళ్లు సరిచేసి నిలుపగా 28 వచ్చెను. తాత ఆకుల మండ చూపి దానిని నిమ్మళింపజేసిన తరువాత 27¾ వచ్చెను. "అయ్యా, పుస్తకములో ఏది వ్రాయవలెను?" అని బాలుడు అడిగెను. మూడును వ్రాసి, ప్రతిదాని ప్రక్కను మేక ఎట్లు నిలిచెనో కూడ వ్రాయుమంటిమి.